భూమి వెచ్చబడిన వైనం

ఈ చలికాలమే ఆఖరి చలికాలమని ఇంధన శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. వచ్చే ఏడాది నుంచి చలి వస్తే రావచ్చు గానీ, ఎవరి ఇంట్లోకీ అడుగు పెట్టడానికి మాత్రం వీల్లేదన్నారు. మన కాళ్ల కింద, భూమి పొట్టలో, తరగని వేడి ఉందట. దాన్ని హీట్ పంప్ అనే యంత్రంతో పైకి లాగి ఇంటింటికీ పంచుతారట. బొగ్గు అక్కర్లేదు, గ్యాసు అక్కర్లేదు, పొగ ఉండదు. కాస్త కరెంటు కావాలి, అది కూడా ఎండ నుంచీ గాలి నుంచీ వస్తుంది. "భూమి మన తల్లి. తల్లి ఒడి ఎక్కడైనా చల్లగా ఉంటుందా?" అని మంత్రిగారు సభలో అడిగారు. ఉంటుందని ఒక్కరూ అనలేదు. నేను ఇంట్లో రేడియో ముందు కూర్చుని ఉన్నాను, నేనూ అనలేదు.

నేను రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముప్పై ఒక్కేళ్లు నకళ్లు రాసి రిటైరైన గుమాస్తాను. పెద్దవాళ్ల మాటల్లో తప్పులు వెతికే దురలవాటు నాకు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే పోయింది. కాబట్టి ఈ మహత్తర పథకం మా గుమ్మం దాకా ఎలా వచ్చిందో, మంత్రిగారి మాట అక్షరాలా ఎలా నిజమైందో ఉన్నదున్నట్టు రాయడానికి నాకంటే తగినవాడు ఈ ఊళ్లో లేడు. పత్రికలవాళ్లు రాశారు గానీ, వాళ్లు ఇంటి లోపలికి రాలేదు.

పైలట్ ప్రాజెక్టుకి ఒక ఇల్లు కావలసి వచ్చింది. నిపుణుల బృందం ఊరంతా గాలించి మా పక్కిల్లు, అంటే మా వదిన ఇల్లు, ఎంపిక చేసింది. దానికి గట్టి సాంకేతిక కారణాలున్నాయి. విశాలమైన పెరడు ఉంది, రోడ్డు మీద ఆరు కార్లు ఆగే చోటుంది, ఉదయం పదింటికి ఎండ సరిగ్గా ఫోటోగ్రాఫర్ల వీపు వైపు నుంచి వస్తుంది.

వదిన అంటే చనిపోయిన మా అన్నయ్య భార్య. దర్జీ పని చేస్తుంది. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, మూలన ఇనప బొగ్గుల పొయ్యి, రెంటికీ మధ్య ఆవిడ. ఆ పొయ్యి తలుపు పిడి ఎప్పుడో విరిగిపోతే మా అన్నయ్య అన్నం వడ్డించే చెంచాని వంచి, అక్కడ బిగించాడు. కొంచెం ఎడమకి వంకరగా వచ్చింది. సరిచేస్తానని అంటూనే పోయాడు. వదిన కూడా ఇంకెవర్నీ సరిచెయ్యనివ్వలేదు. మా ఇంట్లో పొయ్యి లేదు, చలేస్తే నేనూ వెళ్లి దాని దగ్గరే కూర్చునేవాణ్ని. చలికి ఆవిడ వేళ్లు కొయ్యబారిపోతాయి, సూది పట్టుకోలేదు. అందుకని కాసేపు కుట్టడం, కాసేపు పొయ్యి దగ్గర చేతులు కాచుకోవడం, మళ్లీ కుట్టడం. ఈసారి బడివాళ్లు పిల్లలకి నలభై చలికోట్లు కుట్టమన్నారు. సెలవులైపోయి బడి తెరిచే రోజుకి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ పని బజారులోని రెడీమేడ్ షాపుకి పోతుంది, ఒకసారి పోయిన పని మళ్లీ వెనక్కి రాదు. ఏడాదంతా ఆవిడ బతికేది ఆ పని మీదే.

"ఉన్న పొయ్యి శుభ్రంగా మండుతోంది కదా మరిదీ, ఇప్పుడెందుకు ఈ గొడవ?" అంది వదిన.

నేను ఆవిడకి ప్రగతి గురించి బోధించాను. నా దస్తూరీ బాగుంటుంది కాబట్టి ఫారాలన్నీ నేనే నింపాను. ఇక్కడ మన శాఖవారి ముందుచూపు చెప్పుకోవాలి. కొత్త యంత్రం మంజూరు కావాలంటే ఇంట్లో పాత పొయ్యి లేదని సర్టిఫికెట్ ఉండాలి. సర్టిఫికెట్ రావాలంటే పాత పొయ్యి సరెండర్ చెయ్యాలి. కొత్తది వచ్చాక పాతది ఇస్తానంటే కుదరదు, అది పథకం మీద అపనమ్మకం కిందికి వస్తుంది. వదిన నా ముఖం చూసి సంతకం పెట్టింది. ఇద్దరు మనుషులొచ్చి పొయ్యిని వ్యాన్లో వేసుకుపోయారు. "కాలుష్యకారక వస్తువు, ఒకటి, ధ్వంసం చేయు నిమిత్తం స్వాధీనమైనది" అని రసీదు ఇచ్చారు. పిడి స్థానంలో చెంచా ఉన్నదని కూడా నేను పట్టుబట్టి రాయించాను. ముప్పై ఒక్కేళ్ల అలవాటు ఊరికే పోదు.

తర్వాత పైపుల మేస్త్రి వచ్చాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, పని తెలిసిన మనిషి. పెరట్లో నిలువెత్తు లోతున కందకాలు తవ్వి, పైపులు పరిచి, మట్టి కప్పాడు. గది గోడకి యంత్రం బిగించాడు. ఇదేం మాయ అని వదిన అడిగితే, ఫ్రిజ్ లోపలి వేడిని వెనకవైపు నుంచి బయటికి తోసినట్టే ఇది మట్టిలో ఉన్న వేడిని గదిలోకి తోస్తుందని చెప్పాడు. పైన ఎంత మంచు కురిసినా అంత లోతున నేల ఒక్కలాగే ఉంటుందట. స్విచ్ వేశాడు. గంట తిరిగేసరికి గది వెచ్చబడింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ యంత్రం పనిచేసింది. పొగ లేదు, బూడిద ఎత్తే పని లేదు. గదంతా ఒకే తీరున వెచ్చగా ఉంది. వదిన శాలువా తీసి కుర్చీ మీద వేసి, రెండు రోజుల్లో తొమ్మిది కోట్లు పూర్తి చేసింది. నన్ను మెచ్చుకోవడం ఆవిడ ఒంట్లో లేదు గానీ, ఆ సాయంత్రం టీ మాత్రం అడక్కుండానే ఇచ్చింది.

మూడో రోజు మంత్రిగారు తనిఖీకి వచ్చారు. వెనకే ఆయన పీఏగారు వచ్చారు. మంత్రిగారికి ఆలోచన పుట్టకముందే దాన్ని ఫైల్లో పెట్టేయగల సమర్థుడని ఆయనకు పేరు. మంత్రిగారు పెరటి మధ్యలో నిలబడి, చేతి తొడుగు తీసి, వంగి, అరచెయ్యి నేల మీద ఆనించారు. కెమెరాలు క్లిక్కుమన్నాయి. మంత్రిగారి ముఖం మారిపోయింది.

"చల్లగా ఉందే," అన్నారు.

నేల మీద మంచు పొడి తెల్లగా మెరుస్తోంది. మేస్త్రి ముందుకొచ్చి, వేడిని ఇంట్లోకి లాగుతున్నాం కాబట్టి నేల ఇంకాస్త చల్లబడుతుందనీ, గది మాత్రం వెచ్చగా ఉందనీ, దయచేసి ఒక్కసారి లోపలికి వచ్చి చూడమనీ అన్నాడు. పాపం, నోటి పని తెలియనివాడు.

"గది వెచ్చగా ఉంటే వింతేముందయ్యా? పొయ్యి వెలిగిస్తే ఎవడి గదైనా వెచ్చగానే ఉంటుంది. భూమి వెచ్చగా ఉందని కదా నేను సభలో చెప్పింది," అన్నారు మంత్రిగారు.

ఆయన లోపలికి రాకుండానే కారెక్కారు. ఆ మాటలోని తర్కానికి నేను అక్కడికక్కడే ముగ్ధుణ్నయ్యాను. సభలో చెప్పిన మాట రికార్డయిపోయింది, దాన్ని మార్చలేం. ఇక మార్చగలిగింది భూమిని ఒక్కదాన్నే.

పీఏగారు ఆ పనికే వెనక ఉండిపోయారు. ప్రారంభోత్సవం పది రోజుల్లో ఉంది, ఆలోగా నేల వెచ్చబడాలని ఆదేశించారు. అన్నిటికంటే ముందు పైపులు పైకి తేవాలన్నారు. భూగర్భం అన్నాక కనీసం మనిషి లోతైనా ఉండాలి కదండీ అన్నాడు మేస్త్రి. మంత్రిగారి చెయ్యి అంత లోతుకి అందదు కదా అన్నారు పీఏగారు. మళ్లీ కందకాలు తవ్వి, పైపులు జానెడు లోతుకి తెచ్చి పరిచారు. కొండను తవ్వి ఎలుకను పట్టడం పాతకాలపు పద్ధతి. మనవాళ్లు ఆ ఎలుకని మళ్లీ కొండలోనే పెట్టి కప్పేశారు.

అయినా నేల వెచ్చబడలేదు. అప్పుడు పీఏగారి కళ్లు యంత్రం పక్కనున్న వాల్వ్ మీద పడ్డాయి. ఇదేమిటని అడిగారు. వేసవిలో ఇల్లు చల్లబరచుకోవాలంటే అది తిప్పుతామనీ, అప్పుడు ఇంట్లో వేడి వెళ్లి మట్టిలో కలుస్తుందనీ మేస్త్రి చెప్పాడు. ఇలాంటివి చెప్పకూడదని అతనికి ఎవరూ నేర్పలేదు.

"తిప్పు," అన్నారు పీఏగారు.

"చలికాలంలో తిప్పితే ఇంట్లో ఉన్న కాస్త వేడీ నేలలోకి పోతుందండీ."

"పోనీ. నేలలో వేడి ఉండాలనే కదా పథకం."

"ఇల్లు చల్లబెట్టి నేల వెచ్చబెట్టినవాణ్ని నా సర్వీసులో చూళ్లేదండీ."

"అందుకేనయ్యా దీన్ని పైలట్ ప్రాజెక్ట్ అన్నారు."

మేస్త్రి వదిన వైపు చూడకుండా వాల్వ్ తిప్పాడు.

మర్నాడు పొద్దునకి పెరటి మీద మంచు కరిగిపోయింది. మధ్యాహ్నానికి మట్టి మీంచి సన్నగా ఆవిరి లేచింది. ఊళ్లో పిల్లులన్నీ కబురు పెట్టినట్టు వచ్చి, పొట్టలు నేలకి ఆనించి పడుకున్నాయి. ఇంట్లో మాత్రం గ్లాసులో నీళ్లు గడ్డకట్టాయి. వదిన రెండు శాలువాలు కప్పుకుని సూది పట్టుకోబోతే అది జారి కిందపడింది. వెతికి తీసి నేనే ఆవిడ చేతికిచ్చాను, మళ్లీ జారింది. అప్పటికి పదహారే అయ్యాయి, ఇంకా ఇరవై నాలుగు కోట్లు మిగిలున్నాయి. వదిన చేతులు రెండూ చంకల్లో పెట్టుకుంది. నన్ను నాలుగు మాటలని ఉంటే బాగుండేది.

మూడు రోజుల తర్వాత శాఖ నుంచి నోటీసొచ్చింది. లబ్ధిదారు తన ఇంట్లో తగినంత వేడి ఉంచని కారణంగా భూగర్భ వేడికి అంతరాయం కలుగుతున్నదనీ, ఇది సహాయ నిరాకరణగా పరిగణించబడుతుందనీ అందులో ఉంది. నేను రెండుసార్లు చదివాను. భాషలో ఒక్క దోషం లేదు. ఇల్లు చల్లబడిపోయాక ఇక భూమికి పంపడానికి ఏముంటుంది? వేడికి మూలం ఇల్లేనని మనవాళ్లు కనిపెట్టేశారు. మంత్రిగారి మాట నిలబెట్టడానికి శాఖవారే నాలుగు పెద్ద కరెంటు హీటర్లు తెచ్చి గది నాలుగు మూలలా పెట్టారు. హీటర్లు గదిని వెచ్చబెట్టడం, యంత్రం ఆ వేడిని లాగి పెరటికి పంపడం. మధ్యలో ఎంత తగిలితే అంత వదినకి. ఆవిడ ఒక హీటరుని కాళ్ల సందున పెట్టుకుని ఆ కొద్దిరోజుల్లో పదమూడు కోట్లు పూర్తి చేసింది. ఇంకా పదకొండు మిగిలాయి.

ప్రారంభోత్సవం అద్భుతంగా జరిగింది. మంత్రిగారు బూట్లు విప్పారు, మేజోళ్లు విప్పారు, పిల్లుల్ని పక్కకి జరిపించి ఉత్త కాళ్లతో మట్టి మీద నిలబడ్డారు. కళ్లు మూసుకున్నారు. "అమ్మా," అన్నారు. వెనక నిలబడ్డ కార్యకర్తలు కూడా అన్నారు. ఇల్లు ఎలా ఉందో చూడొచ్చా అని ఒక విలేఖరి అమ్మాయి అడిగింది. ఇల్లు అనేది చాలా చిన్న ఆలోచన అనీ, తాను భూమి అంతటి గురించి మాట్లాడుతున్నాననీ మంత్రిగారు నవ్వుతూ చెప్పారు. ఇలాంటి పెరళ్లు ఇంకో నాలుగు వందలు వెచ్చబెట్టబోతున్నట్టు అక్కడే ప్రకటించారు. ఆ నాలుగు వందల పనికీ పైపుల మేస్త్రిని పెద్ద మేస్త్రిని చేశారు. అతను అభినందనలు అందుకుంటూ నేల చూపులు చూశాడు. అందరూ అతను పైపుల్ని గమనిస్తున్నాడనుకున్నారు.

మర్నాడు పత్రికలో వదిన ఫోటో కూడా వచ్చింది. కిటికీ అద్దం వెనక మెడ దాకా శాలువా కప్పుకుని నిలబడి ఉంది. కింద "ఆనందంతో వణికిపోతున్న లబ్ధిదారురాలు" అని రాశారు.

ఉత్సవం అయిన సాయంత్రమే హీటర్లు వ్యానెక్కాయి. ఫలితాలు చెడకుండా వాల్వ్ చుట్టూ ఇనప పెట్టె బిగించి సీలు వేశారు. యంత్రం స్విచ్ కూడా ఆ పెట్టెలోనే ఉండిపోయింది. పెరటి చుట్టూ కంచె కట్టి "ప్రదర్శన క్షేత్రం, ప్రవేశం నిషిద్ధం" అని బోర్డు పాతి, ఒక కాపలా మనిషిని పెట్టారు. ఉన్న వేడంతా పెరట్లోనే ఉంది కదా అని వదిన కుర్చీ, కోట్లు పట్టుకుని అక్కడ కూర్చోబోయింది. కాపలా మనిషి మర్యాదస్థుడు. అమ్మా, మీరు లబ్ధిదారులు, లోపలుండాలి అన్నాడు. పిల్లులు మాత్రం అతని కాళ్ల దగ్గరే పడుకుని ఉన్నాయి.

"అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు," అంది వదిన కుర్చీ వెనక్కి తెచ్చుకుంటూ. ఆ రోజే బడి గుమాస్తా వచ్చి, సోమవారం పొద్దున బడి తెరుస్తారనీ, ఆలోగా కోట్లు అందకపోతే రెడీమేడ్ షాపువాళ్లు సిద్ధంగా ఉన్నారనీ చెప్పి వెళ్లాడు. అప్పటికి శుక్రవారం.

"నా పొయ్యి నాకు ఇప్పించు మరిదీ. నీ మాట మీదే ఇచ్చాను," అంది వదిన.

ఇన్నేళ్లలో ఆవిడ నన్ను అడిగింది అదొక్కటే. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి కూర్చుని దరఖాస్తు రాశాను. నా జీవితంలో అంత మంచి దరఖాస్తు రాయలేదు. రసీదు నంబరు, తేదీ, చెంచా, అన్నీ రాశాను. శనివారం పొద్దున్నే మంత్రిగారి బంగళాకి వెళ్లాను. మా వీధి నుంచి పది నిమిషాల నడక.

గేటు మీద "భూమి వేడితో నడిచే గృహం" అని ఇత్తడి పలక ఉంది. లోపల అడుగు పెట్టగానే నా కళ్లజోడు ఆవిరి పట్టింది. ఆ చలిలో మంత్రిగారు పొట్టి చేతుల చొక్కాతో కూర్చుని ఉన్నారు. గదిలో ఒక మూలకి చెక్క తెర అడ్డంగా పెట్టి ఉంది. నేను తొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాను. గడ్డకట్టిన వేళ్లు ఒక్కొక్కటే ప్రాణం పోసుకున్నాయి.

"ఎలా ఉందండీ?" అన్నారు మంత్రిగారు.

"వెచ్చగా ఉందండీ."

"భూమి," అన్నారాయన తృప్తిగా.

నేను దరఖాస్తు ఇచ్చాను. పీఏగారు నిలబడే చదివారు. ఆ పొయ్యి ధ్వంసమైపోయిందని ఫైలు తెచ్చి చూపించారు. ధ్వంసం చేసినవారు, చూసినవారు, ధ్రువీకరించినవారు, మూడు సంతకాలూ సక్రమంగా ఉన్నాయి. అలాంటి కాగితాన్ని నేను కాదనలేను, నా ఉద్యోగమంతా వాటికి నకళ్లు రాయడమే. ఇంతలో తెర వెనక బొగ్గులు సర్దుకున్న చప్పుడయింది.

మంత్రిగారిది మెత్తని మనసు. పెద్దాయన చలిలో నడిచొచ్చారు, ఊరికే పంపకండి, దరఖాస్తు మీద ఇప్పుడే చర్య తీసుకోండి అన్నారు. పీఏగారు సరేనని నా కాగితం పట్టుకుని తెర వెనక్కి వెళ్లారు. తెర కొంచెం పొట్టిది. ఆయన చెయ్యి ఎడమకి వంకర తిరిగిన చెంచాని పట్టుకుని లాగడం, ఇనప తలుపు తెరుచుకోవడం, నా దస్తూరీ ఒక్కసారి ఎర్రగా వెలగడం నాకు కనిపించింది. తలుపు మళ్లీ మూసుకుంది. నేను మంత్రిగారికి నమస్కారం పెట్టాను. చేతులు రెండూ జేబుల్లో దూర్చుకుని ఇంటికొచ్చేశాను.

వదిన మిషను ముందు కూర్చుని ఉంది. శాలువాల మీద బడిపిల్లల కోట్లు మూడు కప్పుకుంది, వాటి చిన్న చేతులు ఆవిడ భుజాల మీంచి వేలాడుతున్నాయి. పదకొండింట్లో ఒక్కటి పూర్తయింది.

"ఇచ్చావా?" అంది.

"ఇచ్చాను వదినా."

"ఏమన్నారు?"

"వెంటనే చర్య తీసుకున్నారు. కాగితం నేరుగా పొయ్యి దగ్గరికే వెళ్లింది. నా కళ్లారా చూశాను."

వదిన మిషను మీంచి చెయ్యి తీసింది.

"చెంచా ఉందా?"

"ఉంది."

వదిన వేళ్ల మీద ఊదుకుంది. సూదీ దారమూ నా చేతిలో పెట్టి, పొద్దుట్నుంచి ఎక్కించలేక చస్తున్నాను, ఎక్కించి ఇవ్వమంది. నా వేళ్లు ఇంకా చల్లారలేదు. దారం మొదటిసారికే ఎక్కింది.